మెండ్ కింద నా చోటు

నా రాత బాగుండదు, ఒత్తులు కూడా తప్పుతాయి. సర్దుకుని చదవండి. మా వీధి ఇంగ్లిషు మాస్టారు పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశారు. బందరులో ఆయన అరుగు మీద చదువుకున్నవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. కబురు అందనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆయన ఇంట్లో మాట ఉర్దూ. ఉర్దూ బడిలో పనిచేసి రిటైరయ్యాక, తమ ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకి సాయంత్రాలు ఇంగ్లిషు చెప్పేవారు. మాది ఎదురిల్లు. నేను గిలకలదిండి రేవులో చేపల వలలు బాగుచేసేవాణ్ని. నన్ను బావా అని పిలిచేవారు. నేను మాత్రం మాస్టారూ అనేవాణ్ని. అంతకు మించి పిలవడానికి సిగ్గు.

ఆయన పద్ధతి ఒకటుంది. బోర్డు మీద ఒక ఇంగ్లిషు మాట రాసేవారు, అర్థం రాసేవారు కాదు. ఆ మాట ఎక్కడ వాడతారో అక్కడికి తీసుకెళ్లి చూపించేవారు. సరిగ్గా వాడినవాళ్లు ఆ మాట కింద తమ వాక్యం రాయాలి. “అర్థం పుస్తకంలో ఉంటుందమ్మా, వాడకం వీధిలో ఉంటుంది” అనేవారు. పోస్టాఫీసుకి, బస్టాండుకి, ఐసు ఫ్యాక్టరీకి పిల్లల్ని వెంటేసుకుని తిరిగేవారు. మాస్టారు మేతకి తోలుకెళ్తున్నారని మా వీధిలో నవ్వుకునేవాళ్లు.

ఒకసారి మెండ్ అని రాశారు. పిల్లలంతా మరమ్మత్ అన్నారు. ఫ్యానుని మెండ్ చేస్తామా అని మాస్టారు అడిగితే, “ఎందుకు చెయ్యం?” అన్నారు పిల్లలు. వాళ్ల భాషలో ఫ్యానుకీ గోడకీ మరమ్మతే మరి. తెలుగులో మనమూ మరమ్మతనే అంటాం. ఆ మాట మీ ఉర్దూదేగా మాస్టారూ అని నేనంటే, “వాడుకునేవాళ్లదే మాట బావా” అన్నారు.

మర్నాడు అందర్నీ నా దగ్గరికి తీసుకొచ్చారు. నేను చిరిగిన వల ఒళ్లో వేసుకుని, చిరుగు చుట్టూ తెగిన కన్నుల్ని, అంటే వల గళ్లని, ముందు కత్తితో కోశాను. మా పనిలో అంతే. అంచు తిన్నగా లేకపోతే కొత్త ముడి నిలవదు. ఆ పిల్లల్లో మా వీధి చికెన్ కొట్టు ఆయన కూతురు గాభరా పడింది.

“తాతా, బాగుచెయ్యమంటే ఇంకా పెద్దది చేస్తున్నావేంటి?”

నేను కోస్తూనే ఉన్నాను. ఆయన మాట్లాడడు, చేస్తాడు, చూడమ్మా అని మాస్టారు నవ్వారు. నేను కన్ను కన్నుకీ ముడేసుకుంటూ పోయాను. అంతా అయ్యాక ఆయన విడమరిచి చెప్పారు. ఫ్యానుకీ మోటారుకీ రిపేర్ అంటారట. చిరిగిన బట్ట, తెగిన వల, విరిగిన ఎముక, మాటలు మానేసిన ఇద్దరి స్నేహం మళ్లీ కలిస్తే మెండ్ అంటారట. జబ్బు నుంచి కోలుకునే మనిషికీ అదే మాటట.

ఆ రోజు నన్నే వాక్యం రాయమన్నారు. నాకు చేతకాదన్నాను. “బలవంతం లేదు బావా, నీ చోటు అలాగే ఉంటుంది” అన్నారు. ఆ తర్వాత నేను అరుగెక్కినప్పుడల్లా సుద్దముక్క చూపించేవారు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని.

ఆయన మంచం పట్టాక చూడ్డానికి వెళ్లాను. నేను మెండ్ అవుతున్నానా బావా అని అడిగారు. అవుతున్నారన్నాను. “నేను మెండ్ కాకపోయినా క్లాసు ఆగకూడదు” అన్నారు. ఆ వారమే పోయారు.

చికెన్ కొట్టు ఆయన కూతురు ఇప్పుడు గుడివాడలో టీచరు. నిన్న ఆదివారం వచ్చింది. మాస్టారి భార్య అరుగు మీద లైటు వేశారు. పిలవకుండానే పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆ అమ్మాయి బోర్డు మీద మెండ్ అని రాసి, సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

“నీ చోటు, తాతా.”

పడవల మీద పేర్లు చూసి నేర్చుకున్న పెద్దక్షరాలతో, మేం వలలు మెండ్ చేస్తాం అని ఇంగ్లిషులో రాశాను. ఒక అక్షరం తిరగబడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ అమ్మాయి ఆ ఒక్క అక్షరం తుడిచి, మళ్లీ నా చేతే రాయించింది.

ఆదివారాలకి ఆ అమ్మాయి ఉంది. మిగతా సాయంత్రాలకి మనుషులు కావాలి. మీలో ఎవరు ఏ సాయంత్రం రాగలరో తొందరగా జవాబు రాయండి. బోర్డు తుడవనివ్వలేదు. నా వాక్యం కింద ఇంకా చాలా చోటుంది.