వెనక సీటు మీద పట్నాయక్ గారు

మొన్న భోగాపురం దాటాక వాన పట్టుకుంది. హైవే మీద బళ్ళవాళ్ళందరం ఫ్లైఓవర్ కింద చేరాం. వేడెక్కిన సైలెన్సర్ల మీద నీళ్ళు పడి ఆవిరి లేస్తోంది. పెట్రోలు, తడి రెయిన్‌కోట్లు, కాలిన ఇనుము కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా వీపు దానంతట అదే నిటారుగా అయింది. వెనక నుంచి ఎవరో నా భుజం మీద వేలితో తట్టినట్టు అనిపించింది. వెనక సీటు మీద మందుల పెట్టె తప్ప ఏమీ లేదు. ఆ వేలు పట్నాయక్ గారిది. ఆయన్ని మీరెవరూ ఎరగరు. ఎరిగినవాళ్ళలో సగంమంది ఆయన పేరు చెబితే విసుక్కునేవాళ్ళే, అందులో నేనూ ఉన్నాను.

నేను ఒక మందుల కంపెనీలో రెప్‌గా చేరినప్పుడు ఆయన మా ఏరియా మేనేజరు. ఇచ్ఛాపురం వైపు మనిషి. రెప్‌తో పాటు మేనేజరు కూడా తిరిగి డాక్టర్లను కలవడాన్ని మా వృత్తిలో జాయింట్ వర్క్ అంటారు. రెప్ బండి నడుపుతాడు, మేనేజరు వెనక కూర్చుని తప్పులు పడతాడు, అంతే. పట్నాయక్ గారు ఎప్పుడూ హ్యాండిల్ ముట్టుకోలేదు. శాంపిళ్ళ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, వానొస్తే తన రెయిన్‌కోటు దానికి కప్పి, తాను నిక్షేపంగా తడిసేవారు. కోటు మీరేసుకోండి సార్ అంటే, "నాను ఆరతాను. మందులు ఆరవు" అనేవారు. నేను దారిలో పక్కకు చూస్తే భుజం మీద వేలు పడేది. "నడిపేవోడు రోడ్డు సూడాల. ఊరు సూడ్డానికి ఎనకాల నానున్నాను కదా."

వాన పడితే రెప్‌లందరికీ అప్రకటిత సెలవు. ఏదో ఒక టీ కొట్టులో చేరి, డాక్టర్లను కలిసొచ్చినట్టు రిపోర్టులు రాసుకుని, రెండో టీ చెప్పేవాళ్ళం. పట్నాయక్ గారు ఉన్న రోజున ఆ సుఖం లేదు. "వాన పడితేనేరా డాక్టరు కాళీగా దొరుకుతాడు. పేసెంట్లు రారు, మిగతా కంపినీలోళ్ళు రారు. మనం పోవాల" అనేవారు. అలాగే ఒకసారి జోరువానలో నరసన్నపేట తీసుకెళ్ళారు. క్లినిక్‌లో ఈగ కూడా లేదు. ఆ డాక్టరు గారు తన మామిడి తోట గురించీ, మోకాళ్ళ నొప్పి గురించీ చెప్పుకుంటూ పోయారు. పట్నాయక్ గారు బ్యాగు జిప్పు కూడా తీయలేదు. బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండి, "మందు గురించి ఒక్క ముక్కా చెప్పలేదేటి సార్?" అని అడిగాను. "ఆయన మాట ఇని ఎన్నాళ్ళయినాదో. ఈ రోజుకి అది సాలు" అన్నారు. ఈయనకు జీతం ఎందుకిస్తున్నారా అనుకున్నాను.

నా ప్రొబేషన్ ముగియవచ్చింది. అమ్మకాలు కంపెనీ కోరినంత లేవు. రాజాంలో ఒక పిల్లల డాక్టరు గారు మా సిరప్ రాయడం మొదలుపెడితే ఆ లోటు పూడుతుంది. ఆయన సాయంత్రం పేషెంట్లను చూడబోయే ముందు కాసేపే రెప్‌లను రానిస్తారు. మర్నాటి నుంచి సెలవు మీద వెళ్ళిపోతున్నారు. ఆ సాయంత్రం తప్పితే నాకు ఉద్యోగం లేనట్టే. మాది కళింగపట్నం. ఉద్యోగం లేకపోతే మా అన్నలాగే గుజరాత్ వెళ్ళి చేపల బోటెక్కాలి. అన్న తనకు కూతురు పుట్టిన సంగతి ఫోన్లో విన్నాడు. ఆ పిల్ల నడక నేర్చాక గానీ దాని ముఖం చూడలేదు. నాకు ఆ బతుకు వద్దు.

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్తుండగా వేసవి వాన ఒక్కసారిగా దిగింది. నేను యాక్సిలరేటర్ తగ్గించలేదు. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు మీద సగం మేర మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరే, చేతులతో, చీపురుతో కుప్ప చేస్తున్నారు. గింజల మీద కప్పాల్సిన బరకం పట్టా గాలికి వాళ్ళ చేతికి చిక్కకుండా ఎగిరిపోతోంది. నా భుజం మీద వేలు పడింది.

"ఆపు."

"టైమయిపోతాది సార్."

"ఆపమన్నాన్రా."

బండి పూర్తిగా ఆగకముందే ఆయన దిగిపోయారు. బ్యాగు మీది కోటు లాగి గింజల మీద పరిచారు. బ్యాగు తడిసింది. పాలిష్ బూట్లతో, టైతో రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని గింజలు ఎత్తసాగారు. "బాబూ, ఆ కొస అట్టుకోండి" అని ఆ ఆడమనిషి నన్ను కేకేసింది. పట్టుకున్నాను. గింజలన్నీ బరకం కిందకు చేరేదాకా ఆయన లేవలేదు.

మళ్ళీ బండెక్కాక చెప్పాను. "నా ఉద్యోగం పోతాది సార్."

"పోవచ్చురా."

"మీకేటి సార్, మీది పర్మినెంటు."

"అవును. నాకున్నాది కాబట్టే దిగినాను. నీకు నేదు. అది తెలిసే నిన్ను ఆపమన్నాను" అన్నారు.

మేం రాజాం చేరేసరికి డాక్టరు గారు పేషెంట్లను చూస్తున్నారు. లోపలికి వెళ్ళనివ్వలేదు. నాకు ఇంకో అవకాశం ఇమ్మని పట్నాయక్ గారు కంపెనీవాళ్ళను అడిగారు, వాళ్ళు ఇవ్వలేదు.

ఆ కబురు ఫోన్లో చెబితే సరిపోయేది. ఆయన మరో రెప్ బండి వెనక కూర్చుని, తుంపరలో కళింగపట్నం వచ్చారు. అమ్మ ఇసక మీద ఎండేసిన చేపలను అప్పుడే గబగబా ఎత్తుకొచ్చి అరుగు మీద పోస్తోంది. ఆయన బూట్లు విప్పి, ఆమె ఎదురుగా నిలబడి, జరిగిందంతా చెప్పారు. "నీ కొడుకు ఉద్యోగం నా వల్ల పోనాదమ్మా" అన్నారు. అమ్మ తిడుతుందని నేను ఎదురుచూశాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఎవుల గింజలు బాబూ అవి?" అని అడిగింది అమ్మ.

"తెలీదమ్మా. పేరు అడగనేదు."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "పెళ్ళయి వొచ్చిన కాడి నుంచి ఈ ఇసకలోనే సేపలు ఎండేస్తన్నాను. వానొచ్చినప్పుడల్లా ఆ రోడ్డంట ఎన్నో బళ్ళు పోనాయి. ఒక్కడూ ఆపి దిగనేదు" అంది. తరవాత నా వైపు తిరిగింది. "గుజరాతు ఎల్తే ఎల్తావు. ముందు ఆయనకి అన్నం ఎట్టు."

కోపంతోనే వడ్డించాను. ఆయన తలొంచుకుని తిన్నారు. ఆ నెలలోనే నేను గుజరాత్ రైలెక్కాను. కొన్నేళ్ళు బోట్ల మీద చేసి, తిరిగొచ్చి, ఇప్పుడు ఒక మందుల ఏజెన్సీలో సరుకు చేరవేస్తున్నాను. పట్నాయక్ గారు పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన నాకు చేసింది న్యాయమని ఇప్పటికీ అనను. పోయిన ఏళ్ళు పోయినట్టే. కానీ ఎవరైనా అడిగితే ఒక్క మాట మాత్రం దాచను. ఆ రోజు పట్నాయక్ గారు దిగింది ముక్కూ మొహం తెలియనివాళ్ళ గింజల కోసం. అయినా మా అమ్మ కోసం వానలో బండి దిగిన మనిషి ఎవరంటే, నాకు ఆయనొక్కరే కనిపిస్తారు.