కూలినట్టు నిలబెట్టిన గోడలు

ముందు సుత్తి వినిపించేది. రెండు దెబ్బలు, తర్వాత నిశ్శబ్దం. రాయి ఏం చెబుతుందో వినడానికే ఆ నిశ్శబ్దం. గట్టి రాయి గంటలా మోగుతుంది, లోపల చీలిక ఉన్నది దగ్గుతుంది. పొగమంచు పలచబడ్డాక, గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్న టెగ్విన్ కనిపించేవాడు. అరవై ఎనిమిదేళ్ల తాపీమేస్త్రి. కనుబొమల మీద ఎప్పుడూ సున్నం.

వాలు పైన ప్లాస్ హెలిగెన్ భవంతి. నడిమి భాగం నాలుగు వందల ఏళ్ల నాటిది. తర్వాతి దొర ఒకడు దానికి నున్నటి రాతి ముఖం తొడిగించాడు. ఆ ముఖానికి తొమ్మిది కిటికీలు. మూడింటి వెనక గదులు లేవు, రెండు వైపులా ఒకేలా ఉండాలని గోడకు నల్లరంగు పూశారు. దొరసాని కూర్చునే గదిలోంచి చూస్తే, చెట్ల సందులో, పచ్చిక మీద ఒక మొండిగోడల ఇల్లు. రక్షిత కట్టడాల జాబితాలో దానికి ఒకే వాక్యం: "భవంతి నుంచి చూడముచ్చటగా ఉండేందుకు, శిథిలంలా కట్టించిన అలంకార నిర్మాణం."

అది ఒకప్పుడు టెగ్విన్ వాళ్లు కాపురమున్న ఇల్లు. పేరు టీన్ కెలిన్. ఓటు అందరి ముందూ నోటితో చెప్పే రోజుల్లో, అతని తాతకి తాత దొర మనిషి పేరు కాకుండా వేరే పేరు చెప్పాడు. వారం తిరక్కుండా దొర వాళ్లను వెళ్లగొట్టి, కప్పు మీది పలకలు దింపించాడు. గోడల్ని మాత్రం దొరసాని ఉంచమంది. సాయంత్రపు ఎండలో బాగున్నాయట.

ఈ సంగతి మా చాపెల్‌కి ప్రార్థనకొచ్చే అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం లేదు. ఆ ఒక్క వాక్యం మార్పించాలని టెగ్విన్ పదకొండేళ్లు తిరిగాడు. ఆధారం ఏదీ అన్నారు జాబితా ఆఫీసువాళ్లు ప్రతిసారీ.

చివరికి గోడలు కదులుతున్నాయని, వాటిని నిలబెట్టే పని అతనికే అప్పగించారు. శిథిలం శిథిలంలాగే ఉండాలి. రాయి మీద రాయి పెరగకూడదు, పూడ్చిన పగులు పూడ్చినట్టు కనబడకూడదు.

"సొంతింటికి మరమ్మతంటే ఎవరైనా కప్పు వేస్తారు," అంది అతని భార్య మెన్నా, మా ఇద్దరికీ టీ పోస్తూ. "ఈయన కన్నాలకి కాపలా కాస్తున్నాడు."

"మాటలాపి రొట్టెకి వెన్న రాయవే."

"రాస్తాలే. పగులు కనబడేలా రాయనా?"

మూడో వారంలో, తీగలు పీకుతుంటే, వంటింటి గోడలో రొట్టెలు కాల్చే పొయ్యి బయటపడింది. లోపల చెయ్యి పెట్టాడు. నల్లగా వచ్చింది. ఆ చెయ్యి కడుక్కోకుండానే మా ఇంటికొచ్చి, నాచేత ఆఫీసుకి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు.

ఫ్లోరా అనే అధికారిణి వచ్చింది. వంగి, దీపం వేసి చూసింది.

"ఎంత శ్రద్ధగా కట్టారో చూడండి టెగ్విన్ గారూ. ఉత్తుత్తి ఇంటికి పొయ్యి కూడా పెట్టారు."

"మసి కూడా ఉత్తుత్తిదేనా తల్లీ?"

"తోట కూలీలు చలి కాచుకునేవారేమో."

"రొట్టెల పొయ్యిలో దూరా?"

ఆమె నవ్వి, రాసుకుంది. చెడ్డమనిషి కాదు. ముందే చదువుకొచ్చిన వాక్యంలోంచి చూసింది, అంతే.

పని ఇంకా పదిరోజులుందనగా జవాబొచ్చింది. వాక్యం మారింది. "పొయ్యితో సహా అసలు ఇంటిని తలపించే అరుదైన అలంకార శిథిలం." జాబితాలో ఒక మెట్టు పైకెక్కించారు కూడా.

టెగ్విన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. "పొయ్యి చూపించింది నేనే," అన్నాడు.

"పని మానెయ్యి," అన్నాను.

"మానేస్తే వచ్చే చలికాలానికి పడిపోతాయి. అప్పుడు అబద్ధం చెప్పడానికి కూడా గోడ మిగలదు."

మానలేదు. వాన కోసినట్టున్న అంచుల్ని వాన కోసినట్టే నిలబెట్టాడు. సున్నాన్ని రాళ్ల లోపలెక్కడో దాచాడు.

ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. అంతకు వారం ముందు, తలుపులేని ఆ గుమ్మంలో నిలబడి, నాతో ఆఖరిసారి మాట్లాడాడు.

"ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరమొచ్చింది. నేను ఎక్కడ చెయ్యి పెట్టానో తెలియడం లేదట. ఎలా తెలుస్తుంది? ఇక్కడ మనుషులు బతికినట్టే తెలియడం లేదు."