రెండు తలుపుల చాయ్ దుకాణం

గల్ఫ్‌లో, రూవీ బజారులో మూలమీదున్న ఆ పాత చాయ్ దుకాణానికి రెండు వీధుల్లోకి రెండు తలుపులు. ఆ తలుపుల మధ్య వీచే గాలి కోసమే, సలాలా వెళ్లే బస్సు వచ్చేదాకా మధ్య కుర్చీలో కూర్చునేవాణ్ణి.

ఒకరోజు ఎవరో వచ్చి, "అన్నా, గా కుర్చీ నాకియ్యరాదే. ఆడికెళ్లి రెండు తలుపులు కనవడ్తయి," అన్నాడు.

అతనివి దొంగ చూపులనిపించింది. లేచి గోడవైపు మారి, బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను.

"రెసిడెంట్ కార్డున్నదా అన్నా?"

ఈ దేశంలో ఉండనిచ్చే నా కార్డుతో ఇతనికేం పని? "ఉంది. ఎందుకు?" అన్నాను ముక్తసరిగా.

"ఉంటే నిమ్మళంగ తాగు."

ఇంతలో ఒక తలుపు ముందు పోలీసు కారు ఆగి, చాయ్ కోసం హారన్ కొట్టింది. నేను అటు చూసి ఇటు తిరిగేసరికి అతను లేడు. రెండో తలుపు ఇంకా ఊగుతోంది. అతని చాయ్ ముట్టనే లేదు.

ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా, కార్డు లేనివాళ్లెవరైనా వస్తారేమోనని గోడవైపే కూర్చుంటాను.