పాడుపెట్టిన ఇంట్లో పురుడు

నా చిన్నప్పుడు హుజూరాబాద్‌లో మా పక్కిల్లు ఎంతకీ అమ్ముడుపోలేదు. టేకు దర్వాజలు, విశాలమైన వాకిలి, నడి వేసవిలోనూ ఎండని చేదబావి. ఇంట్లో లోపమేమీ లేదు. వచ్చిన చిక్కల్లా పక్కింటి అక్క వాళ్ళమ్మ మంచి నక్షత్రం కాని రోజున పోవడమే. అలా పోతే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలని, అంటే తాళం వేసి మనుషులెవరూ ఉండకుండా వదిలెయ్యాలని మా వైపు గట్టి పట్టింపు. తండ్రి అంతకుముందే పోయాడు. అక్క ఒక ట్రంకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

అక్కకు కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది. ఆ ఇల్లు అమ్మితేనే చదువు. లేదంటే ఖానాపూర్‌లో మేనమామ ఇంటికి వెళ్ళి, జీవితమంతా వాళ్ళకు వండిపెడుతూ బతకాలి. ఆయన తీసుకుపోవడానికి అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు.

ఆరు నెలలు గడిచాక మా నాన్నవాళ్ళమ్మ, బాపమ్మ, దగ్గరుండి శాంతి చేయించింది, గోడలకు సున్నం వేయించింది, గడపలకు పసుపు రాసింది. వారపు అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇంటి సంగతి చెప్పేది. చూడడానికి వచ్చేవాళ్ళు వచ్చేవారు. దర్వాజ తట్టి చూసి, బావిలోకి తొంగి చూసి మెచ్చుకునేవారు. మంచినీళ్ళిస్తే మాత్రం ఒక్కరూ తాగేవారు కాదు. "మంచిగుంది, మల్లొస్తం" అని పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. బాపమ్మకు ఒళ్ళు మండిపోయేది. అక్క ముఖం రోజురోజుకీ చిన్నబోయేది.

ఆ వేసవిలోనే మా మేనత్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమే, పక్కింటి అక్కా ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఒకరోజు అన్నాలయ్యాక బాపమ్మ, కూతురి పురుడు పక్కింట్లోనే పోస్తానంది. తాతయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నీకేమన్న పిచ్చిలేసిందా? నెలలు నిండిన పిల్లను గా ఇంట్ల పండవెడ్తవా?"

"మన బిడ్డను పండవెట్టలేని ఇంటిని మందికెట్ల అంటగడ్తం?" అంది బాపమ్మ.

తాతయ్య రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. వద్దని అక్క కాళ్ళావేళ్ళా పడింది. మేనత్త మాత్రం తన పడక తనే చుట్టుకుని ఆ ఇంటికి నడిచింది.

నొప్పులు మొదలైన రోజు వీధి వీధంతా ఎదుటి అరుగుల మీదే ఉంది. మంత్రసాని లోపలికి వెళ్ళి మధ్యాహ్నం దాటినా కబురు లేదు. మా బాపమ్మకు భయమంటే తెలియదని, ఇలాంటి పట్టింపులను ఆమె లెక్కచేయదని నేను అనుకునేదాన్ని. బావి వెనక్కి వెళ్ళి చూస్తే గోడకు తల ఆనించి నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"బాపమ్మా, నీక్కూడ భయమైతుందా?"

"కాదా మరి? లోపలున్నది నా బిడ్డ గాదే?"

అందరికీ ఉన్న భయమే ఆమెకూ ఉంది. ఉండి కూడా, పొరుగింటి పిల్ల చదువు కోసం కన్నకూతురిని ఆ గడప దాటించింది. రోజూ నాకు తల దువ్వే మనిషి, అన్నం దగ్గర మొట్టికాయలు వేసే మనిషి, ఇంత పెద్దదా అని ఒళ్ళు జలదరించింది.

పొద్దు వాలే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినపడగానే అరుగుల మీది ఆడవాళ్ళు, పిలవకుండానే వాకిట్లోకి వచ్చేశారు. ఇరవై ఒకటో రోజు, బిడ్డను ఊయలలో వేసే తొట్టెల పండుగకు ఊళ్ళో సగం మంది ఆ ఇంట్లోనే కూర్చుని తిన్నారు. ఆ వారంలోనే ఇద్దరు బేరానికి వచ్చి నాకంటే నాకని పోటీపడ్డారు. "బిడ్డ పుట్టిన ఇల్లు, ఊకెనే దొర్కుతదా" అని వాళ్ళే పొగుడుతుంటే బాపమ్మ ముక్కున వేలేసుకుంది.

బడులు తెరిచే నాటికి అక్క కరీంనగర్ బస్సెక్కింది. ఎక్కేముందు బాపమ్మ కాళ్ళు పట్టుకుని ఎంతకీ లేవలేదు. బస్సు పోతుందని కసిరి, లేపి, బాపమ్మే లోపలికి నెట్టింది.

ఇన్నేళ్ళలో నేనూ ఎందరికో సలహాలు చెప్పాను. "ఏం ఫికర్ లేదు, నన్ను నమ్మండి" అనే మాట నోటిదాకా వస్తుంది. నా పిల్లలనైతే అక్కడ పడుకోబెడతానా అని అప్పుడు నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు లేదనే జవాబు వస్తుంది. నోరు మూసుకుంటాను. బాపమ్మంత ధైర్యం నాకు అబ్బలేదు, ఆమె ముందు సిగ్గుపడటం మాత్రం అబ్బింది.