తాళి కట్టే వేళ "ఆగండి!" అన్నాను

పెళ్లిళ్లకు ఫొటోలు తీయడం నా వృత్తి. కిందటేడాది హుకుంపేట దగ్గర ఓ చర్చిలో పెళ్లికి కొత్త కెమెరా మెడలో వేసుకుని, పాతదాన్ని బ్యాకప్‌గా సంచిలో పెట్టుకుని వెళ్లాను. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే కొత్త కెమెరా స్క్రీన్ నల్లబడిపోయింది.

"ఆగండి!" అని అరిచాను.

చర్చిలో అందరూ నావైపు తిరిగారు. పెళ్లికూతురి ముఖం పాలిపోయింది. పాస్టరుగారు బిత్తరపోయి, "ఏమ్మా, ఈ పెళ్లికి నీకేమైనా అభ్యంతరమా?" అన్నారు.

"పెళ్లికి కాదండీ, కెమెరా ఆగిపోయింది!" అంటూ పాతది బయటికి తీశాను.

"ఓలమ్మో! పెళ్లే ఆగిపోనాదనుకున్నాను గుంటా!" అంది పెళ్లికూతురి నానమ్మ.

అందరూ గొల్లున నవ్వారు. పెళ్లికూతురు పకపకా నవ్వుతుండగానే ఆమె మెడలో తాళి పడింది. పాత కెమెరా ఆ నవ్వును చక్కగా పట్టింది.

కొత్తది బాగుచేయించాను గానీ, ఇప్పుడు మెడలో ఉండేది పాతదే. అరిచినందుకు మాత్రం ఈనాటికీ సిగ్గుపడను. ఫొటో కోసం తాళి మళ్లీ కట్టించలేం కదా!