ఆఖరింటి చాబీ

గోవింద్‌పూర్ అవతల మా క్వార్టర్లు ఓ చిన్న ఫ్యాక్టరీవాళ్లు కట్టినవి. అది నడిచినన్నాళ్లూ నీళ్లు, లైట్లు, చెత్త అన్నీ ఆళ్లే చూసుకునీవారు. బల్బు పోతే ఆఫీసుకి చెప్పీసి ఊరుకునీవాళ్లం. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెప్పుకోడానికి ఆఫీసే లేదు. బోరు మోటారు మిగిలింది, మేం మిగిలాం.

మాది వీధిలో ఆఖరిల్లు. ముందిళ్లవాళ్లు తొట్లు నింపుకుని, మొక్కలు తడుపుకుని, స్కూటర్లు కడుక్కునేసరికి మా కుళాయి గుర్రుమని ఊరుకునీది. ఇంట్లో చూత్తే మా అత్త పక్షవాతంతో మంచంలో ఉంది. ఆవిడ పక్కగుడ్డలు రోజూ ఉతకాల. మా ఆయన విసిగిపోయి ఆదిత్యపూర్లో అద్దిల్లు చూసొచ్చేడు. మూడో అంతస్తట! ఇక్కడైతే అత్త మంచం గుమ్మం పక్కనే ఏత్తాం, వచ్చీపోయే వాళ్లందర్నీ ఆ వంకర మూతితోనే పలకరిత్తాది. అక్కడ ఎవర్ని పలకరిత్తాది, గోడల్నా? నాను రానని చెప్పీసేను.

ఆ ఆదివారమే వీధోళ్లంతా మీటింగెట్టారు. బోరు నీళ్ల వాల్వు తిప్పే చాబీ, అదే మూరెడు ఇనపరాడ్డు, ఎవరి దగ్గరుండాలని తగువు. చదువుకున్నోడికివ్వమని ఒకరు, పెద్దోళ్లకివ్వమని ఒకరు. ఒడియావాళ్లది ఒక మాట, బిహారీవాళ్లది ఇంకో మాట, మన తెలుగోళ్లవి నాలుగు మాటలు. నాకు ఒళ్లు మండిపోనాది. లేచి హిందీలోనే అడిగీసేను.

“చాబీ నాకిచ్చీండి. నా డ్రమ్ము నిండిందంటే మీ అందరివీ నిండినట్టే కదా?”

అందరూ నవ్వేరు. మొదటింటి చాచాజీ మాత్రం నవ్వలేదు. ఫ్యాక్టరీ పోయినకాణ్ణించి చాబీ ఆయన దగ్గరే ఉండీది. లోపలికెళ్లి తెచ్చి నా చేతిలో ఎట్టీసేడు. మొక్కలకీ బళ్లకీ నీళ్లు ఆఖరిల్లు నిండాకే అని కట్టుబాటు చేసుకున్నాం. ఆదిత్యపూర్ మాట మా ఆయన మళ్లీ ఎత్తితే ఒట్టు.

ఆ తర్వాత చెత్తబండిని కూడా ఆఖరింటినుంచే రమ్మన్నాం. తగువులు పోయాయా అంటే ఏటి చెప్పను, రోజూ ఉంటాయి. కానీ తగువాడుకుని మళ్లీ మేమే తేల్చుకుంటాం.

మొన్న పొద్దున్న నాను వంటింట్లో ఉండగా, నిండిందా అని చాచాజీ అడిగిన మాట ఇంటింటా భాష మారుతూ మా గుమ్మం దాకా వచ్చింది. మా అత్త మంచంలోంచే మెడ సాచి డ్రమ్ము చూసింది.

“నిండినాది,” అంది.

ఆ మాట పక్కింట్లో ఒడియా అయింది, ఆ పైన హిందీ అయింది. అప్పుడు చాచాజీ తన మందారానికి నీళ్లు వదిలేడు.