చేతులు కట్టుకోమన్న సారు

మా సారు పోయారు. పొద్దున చిత్తూరు నుంచి వాళ్లబ్బాయి నా సెల్లుకు మెసేజీ పెట్టాడు: "నాయన పోయినాడన్నా. మీవోళ్లకంతా నువ్వే చెప్పాల." మావాళ్లంటే చెవిటివాళ్లం, తిరుపతి బడిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం. ఆ మాట నా చేతులతో చెప్పగలనా అని అప్పటినుంచీ ఒకటే గుబులు.

ముందే చెబుతున్నాను, చిన్నప్పుడు ఆయనంటే నాకు పడేది కాదు. తరగతిలో అడుగుపెడుతూనే "చేతులు కట్టుకోండి. నా నోరు సూడండి" అనేవారు. సైగలు చేసే పిల్లలకు మాట రాదని ఆ రోజుల్లో నమ్మకం. పెదాల ముందు కాగితం ముక్క పట్టుకుని 'ప' అంటే కాగితం ఊగేది, 'మ' అంటే ఊగేది కాదు. మా చేతిని తన గొంతు మీద పెట్టించుకుని ఒక్కో అక్షరం వందసార్లు పలికేవారు. ఓపికకు లోటు లేదు. కానీ మా చేయి కదిలిందంటే కణుపుల మీద స్కేలు పడేది. మేం మాట్లాడుకున్నదంతా హాస్టల్లోనూ, ఆయన బోర్డు వైపు తిరిగినప్పుడూ.

బడి అయిపోయాక తలోదిక్కయ్యాం. హాస్టల్లో నా పక్కమంచం వాడు బెంగళూరులో ఏదో ఫ్యాక్టరీలో చేరాడు. మాకు ఫోను పనికిరాదు. వాడు ఉత్తరం రాస్తే సగం అర్థమయ్యేది కాదు. వాడి చేతులైతే ఎంత చక్కగా మాట్లాడతాయో! ఏడాదికోసారి ఎవరి పెళ్లిలోనో కలిస్తే కడుపునిండా కబుర్లు, మళ్లీ ఏడాది ఉపవాసం.

ఇక్కడ తిరుపతి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కెమెరాలు పెట్టాక ఆ ఉపవాసం తీరింది. ప్రతి ఆదివారం వాడక్కడ, నేనిక్కడ. బొమ్మ ఆగి ఆగి వచ్చేది కాబట్టి నిదానంగా సైగ చేయాలి. ప్లైవుడ్ గదిలో మోచేతులు గోడలకు కొట్టుకునేవి. సెంటరతను మర్యాదకు హెడ్‌ఫోను తెచ్చిచ్చేవాడు. మేమూ మర్యాదకు పెట్టుకునేవాళ్లం.

ఒక ఆదివారం తెరమీద నా బొమ్మ వెనక ఇంకో మొహం కనబడింది. సారు! రిటైరయ్యాక కూతురికి మెయిలు పంపడానికి వచ్చారట. నాకు పాతికేళ్లు దాటాయి, మీసం కూడా ఉంది. అయినా ఠక్కున చేతులు కట్టేసుకున్నాను. బెంగళూరులో వాడూ కట్టేసుకున్నాడు.

"ఏమప్పా, నిలిపేస్తిరి? మాట్లాడుకోండప్పా" అన్నారు. ఆయన పెదాలు నాకు కొట్టినపిండి. స్టూలు లాక్కుని అరగంట మా చేతులనే చూశారు. లేచేటప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"పదేండ్లు సదువు సెప్పినా. మీకాడ ఇన్ని మాటలుండాయని నాకు తెలీలేదే. నాకూ నేర్పిస్తావా అప్పా?"

అరవై దాటిన వయసులో ఆయన నా శిష్యుడయ్యారు. వేళ్లు వంగేవి కావు. తప్పు చేస్తే నేను స్కేలు వెతుకుతున్నట్టు నటించేవాడిని, ఆయన బుద్ధిగా చేయి చాపేవారు. వారం తప్పకుండా వచ్చేవారు.

ఒకరోజు, సైగల్లో తన పేరేమిటని అడిగారు. మాలో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది, అదే పేరు. నేను హెడ్‌ఫోను సర్దుకోవడం మొదలుపెట్టాను. తెరమీది వాడు మాత్రం చేతులు కట్టుకుని చూపించేశాడు. సారు మొహం వాడిపోయింది.

"మార్చేదానికి కాదా?"

"మారదు సార్" అన్నాను, ఆయన నేర్పిన గొంతుతోనే.

సారు తన గుండె వైపు వేలు చూపించి, చేతులు కట్టుకుని, నవ్వారు. అప్పటినుంచి కొత్తగా ఏ చెవిటి మనిషి కలిసినా ఆ పేరే చెప్పుకున్నారు, అది ఎందుకొచ్చిందో కూడా దాచకుండా చెప్పారు. బడికి వెళ్లి కొత్త టీచర్లతో, "పిల్లోళ్ల చేతులు ఇడ్సిపెట్టండమ్మా. నేను సేసిన తప్పు మీరు సేయొద్దండి" అన్నారు. తన తప్పును ఇంత నిబ్బరంగా మోసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆయన మీద నాకున్న పాత కోపం ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.

ఇవాళ ఆదివారమే, మధ్యాహ్నం సెంటరుకు వెళ్లాను. వాడు తెరమీదికి వస్తూనే ఎలా ఉన్నావన్నాడు. చేతులు కట్టుకున్నాను. సారు పేరు చూడగానే వాడి మొహం వెలిగింది. ఏం కబురని అడిగాడు. ఆ తర్వాతి మాట చెప్పాలంటే కట్టిన చేతులు విప్పాలి. నాకు విప్పబుద్ధి కాలేదు. అవతల వాడు నవ్వుతూ ఎదురుచూస్తూనే ఉన్నాడు.